నోరు లేని పట్టాదారు

హనుమకొండ,
12 జూలై 1960

పెద్దబాపు గారికి,

కళావతి నమస్కరించి రాస్తున్నది. అమ్మ మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. వానలకు మా బడి గ్రంథాలయంలో పుస్తకాలకు బూజు పట్టింది. వాటిని ఎండబెట్టే పని నాకిచ్చారు. అందువల్ల ఈ వారమంతా సంతోషంగా ఉన్నాను.

నిన్న నాలుగో తరగతికి లెక్కలు చెబుతుండగా మదర్ పిలిపించారు. నా పేరున వచ్చిన సర్కారు కవరు ఆమె బల్ల మీద విప్పి ఉంది. మా కాన్వెంటులో ఎవరి ఉత్తరమైనా ఆమె చూశాకే మాకు ఇస్తారు. అది బావుల లెక్క ఫారం. పైన "పట్టాదారు కుమారి కళావతి, నెక్కొండ శివారు, పది ఎకరములు" అని ఉంది. కింద ప్రశ్నలు. బావులెన్ని, ఎవరు తవ్వారు, ఎండాకాలం నీళ్ళు ఉంటాయా, భూమి ఎవరి స్వాధీనంలో ఉంది, అంతకు ముందు ఎవరిది.

మదర్ కళ్ళజోడు పైనుంచి చూసి, "నీకు పొలం ఉందని ఎప్పుడూ చెప్పలేదే" అన్నారు. నాకూ ఎవరూ చెప్పలేదని అందామనుకున్నాను. అనేలోపు గంట కొట్టారు.

నెక్కొండలో నా పేరుగల వేరే ఆమె ఉన్నారా? లేకపోతే నాకు నిజంగా భూమి ఉందా? ఉంటే అందులో బావి ఉందా? సెప్టెంబరు ఆఖరులోగా ఫారం నింపి పంపాలి. తప్పు రాస్తే శిక్ష అని అడుగున అచ్చు వేశారు.

మీ తమ్ముని కూతురు,
కళావతి

నెక్కొండ,
18 జూలై 1960 (కార్డు)

చి. కళావతిని పెద్దబాపు దీవించి రాసేది.

నీ కవరు అందింది. ఇంత చిన్న సంగతికి కవరెందుకు, కార్డు చాలదా? గుట్టు మాట చెప్తాన్న, ఎవ్వరికి చెప్పకు. సీలింగు అని కొత్త కానూను వస్తాందట. ఒక మనిషి పేర ఇంతకంటె ఎక్కువ భూమి ఉండొద్దట. అందుకని నా భూములు జర పంచి రాసిన. మీ పెద్దమ్మ పేర పదిహేను ఎకరాలు, గుమాస్తా యాకయ్య పేర ఎనిమిది, మీ అక్కకు పుట్టబోయే నా మనవని పేర ఐదు. నీ పేర పది. మీ బాపు తద్దినం నాడు నీతోటి ఒక కాయితం మీద దస్కతు పెట్టించుకున్న, యాదికున్నదా? గదే.

ఇదంతా ఉత్త కాయితం మీదనే. భూమి నాది. నిన్నే ఎందుకు ఏరుకున్న అంటె మన ఖాందాన్ల నీ అంత నెమ్మది పిల్ల లేదు. ఎవరడిగినా నీ నోట్లెకెల్లి మాట రాదు. బడి అడ్రసు ఎందుకు రాయించిన అంటె నా అడ్రసు కనబడొద్దని. నువ్వేం ఫికర్ చెయ్యకు. ఆ ఫారం చింపెయ్యి. జాగ అయిపోయింది, అంచు మీద రాస్తాన్న, మళ్ళ చెప్తాన్న, ఈ ముచ్చట ఒక్క పురుగుకు గూడ తెల్వొద్దు.

వెంకట్రాజం

హనుమకొండ,
27 జూలై 1960

పెద్దబాపు గారికి నమస్కారాలు.

మీ కార్డు అందింది. పోస్టుమాన్ అది చేతికిస్తూ "మనవడు ఎప్పుడు పుడతడమ్మా?" అని అడిగాడు. మా కింది వాటా వాళ్ళు కూడా అడిగారు. ఇకముందు గుట్టు మాటలు దయచేసి కవరులో రాయండి.

ఫారం చింపడానికి వీల్లేదు. మదర్ దానికి నంబరు వేసి తన రిజిస్టరులో ఎక్కించారు. నింపి ఆమెకు చూపించి పంపాలి.

ఇంకొక సంగతి. నా పొలంలో కూరగాయలు పండుతాయా అని మదర్ అడిగారు. నేను ఊరుకున్నాను. మన బోర్డింగు పిల్లలకు ప్రతి శనివారం రెండు గంపల వంకాయలు పంపగలవా అన్నారు. అప్పుడూ ఊరుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "థాంక్ యూ, చైల్డ్" అన్నారు. సాయంత్రం ప్రార్థనలో నా పేరు చదివారు. వందమంది పిల్లలు నా కోసం మోకరించారు. నాకు వంకాయ అంటే ఇష్టం లేదని కూడా చెప్పలేకపోయాను.

ఇప్పుడేం చేయను? అలాగే, ఫారంలో రాయడానికి ఆ భూమి మనకంటే ముందు ఎవరిదో, బావి ఎవరు తవ్వారో రాయండి. ఊరికే తెలుసుకోవాలనీ ఉంది. నా పేరున ఇంతవరకు ఒక ట్రంకు పెట్టె తప్ప ఏమీ లేదు.

కళావతి

నెక్కొండ,
6 ఆగస్టు 1960

చి. కళావతికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే కవరు కొన్న. నీకు నోరు లేదా బిడ్డా? "వద్దు మదర్" అని ఒక్క మాట అనరాదా? ఒక్క మాట! ఊకుంటె ఎవరైనా సరే అన్నట్టే అనుకుంటరు. మన పరువు పోవద్దని యాకయ్యతోటి శనివారం పాసింజరుల రెండు గంపలు పంపుతాన్న. ఎవరన్న అడిగితె నీ తోటల కాసినయే అని చెప్పు. చెప్పకున్నా మంచిదే.

మీ అక్క పురుడు పోసుకున్నది. ఆడిపిల్ల. తల్లీ బిడ్డా మంచిగున్నరు. మనవని పేర ఎక్కిన ఐదెకరాలు ఏం చెయ్యాల్నో పట్వారికి సమజైతలేదు. పిల్లకు మొగపిల్లగాని పేరు పెడితె ఎట్లుంటదని అడుగుతాండు. మీ పెద్దమ్మ వాని మీదికి చీపురు తీసింది.

తోట కత ఇది. ముందుగాల అది నిజాం సర్కారుల పెద్ద నౌకరి చేసిన ఒక నవాబు సాబుది. ఆయన తర్వాత రాజేశ్వర్ రావు దొర చేతికి వచ్చింది. దొర నలభై మామిడి అంట్లు తెప్పించి పెట్టిండు. గడబిడ దినాలల్ల ఆయన హైదరాబాదు పోయి మళ్ళ రాలే. పోలీసు యాక్షన్ అయినంక నేను కొన్న. అందరు నవ్విండ్లు, దుకాణం చేసుకునేటోనికి నాగలెందుకని. మీ బాపు ఒక్కడే "మంచి పని చేసినవే అన్నా" అన్నడు. వానికి ఆ తోట అంటె పాణం.

బాయి నేనే కట్టించిన. గట్టు మీద పాలరాయి మీద నా పేరు, సంవత్సరం చెక్కి ఉన్నది. ఫారంల అట్లనే రాయి. స్వాధీనం దగ్గర నీ పేరే రాయి. ఇంకేం రాయకు.

వెంకట్రాజం

హనుమకొండ,
12 సెప్టెంబరు 1960

పెద్దబాపు గారికి నమస్కారాలు.

నిన్న ఆదివారం అమ్మా నేనూ పసిపిల్లను చూడటానికి నెక్కొండ వచ్చాం. మీరు ఖమ్మం వెళ్ళారట. పాప పెద్దమ్మలా ఉంది. అమ్మ ఉయ్యాల దగ్గర కూర్చుండిపోయింది. నేను ఫారం పట్టుకుని తోట చూడటానికి వెళ్ళాను. చూడకుండా సంతకం పెట్టడం సరి కాదనిపించింది.

బావి దగ్గర ఒక ఆమె కొడవలి నూరుతున్నది. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో కాగితం చూసి "ఓ అమ్మా, బాయిల లెక్కకు వచ్చినవా? రా, కూసో" అన్నది. కాదని చెప్పేలోపు చెంబుతో నీళ్ళిచ్చింది. ఆమె పేరు మొగిలమ్మ. బావి కింది నాలుగెకరాలూ ఆమే చేస్తున్నది. భర్త పోయి ఆరేళ్ళయిందట. నేను అడగకముందే అన్నీ చెప్పింది. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను.

బావి ఎవరు తవ్వారంటే, "మా మామ, నా పెనిమిటి. కరువొచ్చిన ఏడు. పన్నెండు గజాల కాడ రాయి తాకింది. మా మామ బాయిలనే కూసోని, నీళ్ళు పడ్డంకనే పైకొస్తా, బువ్వ కిందికి పంపు అన్నడు. మూడు దినాలు పంపిన" అన్నది.

"మరి ఈ రాయి మీద సావుకారు పేరుందే?" అన్నాను.

"ఉన్నది. గట్టు ఆయన కట్టించిండు. రాయి మంచిది, కొడవలికి పదునొస్తది."

పెద్దబాపూ, మీ పేరులో మొదటి మూడక్షరాలు అరిగిపోయాయి.

నవాబును చూశావా అంటే, "మా అత్త చూసింది. మోటారు దిగిండట, దోమ కుట్టిందట, మోటారెక్కిండట" అన్నది. దొర ఏడాదికొకసారి వచ్చి మామిడి చెట్లు లెక్కపెట్టేవాడట. నీళ్ళెవరు పోస్తారని అడగలేదట. నలభైలో మూడు మిగిలాయి. మీ గురించి కూడా చెప్పింది. "సావుకారు మంచోడే. గట్టు మీద కూసుంటడు. ఇదంతా నాదే కద అనుకుంటడు. అనుకోని ఇంటికి పోతడు."

భూమి చేతులు మారినప్పుడల్లా నీకెవరు చెప్పారని అడిగాను.

"పట్వారి చెప్పిండు. నేను కలుపు తీస్తాన్న. మొగిలీ, ఇయ్యాల్టి సంది ఇది సావుకారుది అన్నడు. సరే అని ఇంకో సాలు పట్టిన. ఇప్పుడు ఎవరో ఆడిపిల్ల పేర ఎక్కిందట. సదువుకున్నదట. ఆమె కోసమని యాకయ్య శనివారం శనివారం నా వంకాయలు రెండు గంపలు పట్టుకపోతాండు. ఒక్క పిల్ల వారానికి రెండు గంపలు తింటదా? అదేం కడుపు తల్లీ!"

నేనేనని చెప్పలేకపోయాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నా ఒళ్ళో నాలుగు వంకాయలు పోసింది. "పాపం సర్కారోళ్ళు మీకేం పెడతరు" అన్నది.

ఫారం నింపాను. బావి తవ్వినది మొగిలమ్మ మామ, భర్త. గట్టు కట్టించినది మీరు. నాలుగెకరాలు ఇరవై రెండేళ్ళుగా వారి స్వాధీనం. మిగిలిన ఆరు ఎకరాలు బావి నీళ్ళందని చెలక, మీరు చేయిస్తున్నారు. కింద పట్టాదారు అని సంతకం చేశాను. మదర్ చూసి చేతిరాత బాగుందన్నారు. ఈ ఉదయమే తపాలాలో పంపాం.

ఆమె వంకాయలకు ఎవరైనా ఏమైనా ఇస్తున్నారా? రాయండి.

కళావతి

నెక్కొండ,
17 సెప్టెంబరు 1960

కళావతీ,

పంపినవా? నిజంగనే పంపినవా? నీ ఉత్తరం యాకయ్యతోటి రెండుసార్లు చదివించుకున్న. రెండుసార్లు గట్లనే ఉన్నది.

నీకు తెల్వదు బిడ్డా. రైసు మిల్లు పెట్టేటోళ్ళు ఆ తోట అడుగుతాండ్లు. స్టేషనుకు దగ్గర, బాయిల నీళ్ళున్నయి. వాళ్ళకు బాయి కావాలె, బాయి కింద మనిషి వద్దు. ఈ మిరప తోట అయిపోంగనే మొగిలమ్మను లేపుదామనుకున్న. ఆమె దగ్గర కాయితం ముక్క లేకుండె. ఇప్పుడున్నది. నువ్వే రాసిచ్చినవు, మంచి చేతిరాతతోటి!

నిన్న రెవెన్యూ గిర్దావరు వచ్చి ఆమెను దరఖాస్తు పెట్టుకొమ్మన్నడట. పట్టాదారే ఒప్పుకున్నదని ఊరంత చెప్తాండు. నా రాయి మీద కొడవలి నూరుతదా? నూరనియ్యి. వంకాయలకు ఏమిస్తానవని నన్ను అడుగుతవా? నీ కోసం పంపినయే కద అవి!

ఇగ మీదట ఏ కాయితం వచ్చినా ముట్టుకోకు.

వెంకట్రాజం

హనుమకొండ,
14 నవంబరు 1960

పెద్దబాపు గారికి నమస్కారాలు.

రెండు నెలలుగా మీ ఉత్తరం లేదు. కోపం తగ్గిందని అనుకోను. వంకాయలు ఆగిపోయాయి. మదర్ అడిగితే తోటలో పురుగు పట్టిందని యాకయ్య చెప్పాడట. బోర్డింగు పిల్లలు ఇప్పుడు ఆ పురుగు పోవాలని ప్రార్థిస్తున్నారు.

నాకు తహసీలు కచేరీ నుంచి నోటీసు వచ్చింది. ముట్టుకోవద్దన్నారు గాని మదర్ నా చేతిలోనే పెట్టారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పై నాలుగు ఎకరములపై మొగిలమ్మ అను ఆమె తన హక్కు నమోదు కోరినందున, పట్టాదారు డిసెంబరు 2వ తేదీన స్వయముగా హాజరై అభ్యంతరమున్న తెలుపవలెను. ఎట్టి అభ్యంతరమూ తెలుపనియెడల పట్టాదారుకు సమ్మతమేనని భావించి ఉత్తర్వు చేయబడును."

ఆఖరి వాక్యం కింద గీత నేను గీసిందే.

మీరు అడగకపోయినా ఒక మాట రాస్తాను. ఆమెను లేపడం న్యాయం కాదని నాకనిపిస్తున్నది. భూమి నా పేరున ఉంది కనుక ఈ మాట రాసే ధైర్యం చేశాను. ఆ రోజు నేనేం చేయాలో చెప్పండి.

కళావతి

నెక్కొండ,
21 నవంబరు 1960

చి. కళావతికి దీవెనలు.

నోటీసు సగం దాక చదివిన. సర్కారు కాయితాలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి, మొత్తం చదివితె తలనొప్పి. న్యాయం సంగతి పెద్దోళ్ళం మేం చూసుకుంటం.

ఇప్పుడు జర జాగ్రత్తగ విను. నేను కచ్చీరుకు రాను. వస్తె, వెంకట్రాజానికి ఈ భూమితోటి ఏం పని అని అడుగుతరు. అప్పుడు కట్ట మొత్తం తెగుతది. అందుకని యాకయ్య వస్తడు. అభ్యంతరం ఉన్నదని వాడే చెప్తడు. పదిసార్లు పాఠం చెప్పించిన, మంచిగ ఒప్పజెప్పిండు.

నువ్వు పొయ్యి కూసోవాలె. అంతే. ఏం అడిగినా నోరు తెరవకు. తెరిస్తె నువ్వు నిజం చెప్తవు. ఆ కాన్వెంటుల నీకు అదొక్కటే నేర్పిండ్లు. ఔనని అనకు, కాదని అనకు, తల గూడ ఊపకు. మీ బాపు మీద ఒట్టు.

వెంకట్రాజం

నెక్కొండ,
4 డిసెంబరు 1960 (కార్డు)

కళావతీ,

యాకయ్య మొన్న వచ్చి అరుగు మీద కూసున్నడు. ఏం జరిగిందిరా అంటె "అమ్మాయిని అడుగుండ్లి" అంటాడు, ఇంకో ముక్క మాట్లాడుతలేడు. బువ్వ తింటలేడు. ఊర్ల మొగిలమ్మ బెల్లం పంచుతాంది. మా ఇంటికి గూడ పంపింది. ఏం జరిగిందో ఎంటనే రాయి. కవరు కోసం ఆగలే.

వెంకట్రాజం

హనుమకొండ,
7 డిసెంబరు 1960

పెద్దబాపు గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. అక్షరం తప్పలేదు.

పదకొండు గంటలకు పిలిచారు. తహసీల్దారు గారు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. మొగిలమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నన్ను చూసి "అగో, బాయిల లెక్కల అమ్మ వచ్చింది! ఈమెను అడుగుండ్లి సారూ, ఈమెకు అన్ని తెలుసు" అన్నది. నేనే పట్టాదారునని బంట్రోతు చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. "రెండు గంపలు తినేది ఈమేనా? ఇంత బక్కగున్నది!" అన్నది.

తహసీల్దారు గారు మీకు అభ్యంతరమా అని అడిగారు. నేను ఊరుకున్నాను. యాకయ్య ముందుకొచ్చి "సారూ, అమ్మాయి తరఫున నేను చెప్తా" అన్నాడు.

"నువ్వెవరు?"

"గుమాస్తాను."

"ఎవరి గుమాస్తావు?"

యాకయ్యకు మీరు నేర్పిన పాఠంలో ఈ ప్రశ్న లేదనుకుంటాను. పైకప్పు వైపు చూశాడు. మీ పేరు చెప్పకూడదు కదా. చివరికి "ఈమె గుమాస్తానే" అన్నాడు.

"ఎన్నేళ్ళ నుంచి?"

"ఇరవై ఐదేండ్ల సంది సారూ."

తహసీల్దారు గారు నన్ను చూశారు. "అమ్మా, మీకు ఎన్నేళ్ళు?" అన్నారు. నేను చెప్పలేదు. నాకు ఇరవై ఒకటని ఫారంలో ఉంది. ఆయన చదివి, "అయితే ఈమె పుట్టడానికి నాలుగేళ్ళ ముందే కొలువులో చేరావన్న మాట" అన్నారు. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. యాకయ్య గోడకు ఆనుకుని మరి మాట్లాడలేదు. అతని మీద కోప్పడకండి.

ఆయన రెండోసారి అడిగారు. తరువాత బెదిరిపోయాననుకుని మంచినీళ్ళు తెప్పించి, మెల్లగా మూడోసారి అడిగారు. మొగిలమ్మ ఆగలేకపోయింది. "ఉన్నదని అన్న చెప్పు, లేదని అన్న చెప్పు తల్లీ! నా పాణం గుంజుతాంది" అన్నది.

మాట్లాడకుండా ఉండటం నాకు ఎప్పుడూ తేలికే. ఆ రోజు మాత్రం చాలా కష్టమైంది. "నాకు అభ్యంతరం లేదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాపు మీద ఒట్టు పెట్టారు కనుక మింగేశాను.

అప్పుడు కచేరీ గుమాస్తా నోటీసులోని ఆఖరి వాక్యం పైకి చదివాడు. తహసీల్దారు గారు ఉత్తర్వు రాసి సంతకం చేశారు. నాలుగెకరాలు మొగిలమ్మ పేరున ఎక్కాయి. ఆ వాక్యం నవంబరు పద్నాలుగో తేదీ ఉత్తరంలో మీకు రాసి పంపాను, కింద గీత గీసి.

బయటకు వచ్చాక ఆమె నా గడ్డం పట్టుకుని "నోరు లేకపాయె గని మంచి పిల్లవు" అన్నది.

కళావతి

నెక్కొండ,
15 జనవరి 1961

కళావతీ,

నెల దినాలు నీకు రాయొద్దనుకున్న. నీ ఉత్తరాలన్నీ ముందటేసుకోని ఈసారి చివరిదాక చదివిన. తప్పు పట్టుదామంటె ఎక్కడ పట్టాల్నో దొరుకుతలేదు. గదే నాకు మండుతాంది.

పోయింది పోయింది. మిల్లోళ్ళు బాయి లేని తోట మాకెందుకని వేరే జాగ చూసుకున్నరు. యాకయ్య నా దగ్గరకొచ్చి, నా పేర ఉన్న ఎనిమిదెకరాలు నేను గూడ ఒకసారి చూసొస్తనని అంటాండు. ఇరవై ఐదేండ్లల్ల వాడు నన్ను ఏమీ అడగలే. ఇదంత నీ పుణ్యమే.

మిగిలిన ఆరెకరాలన్న నాకు తిరిగి రాసియ్యి. కాయితం తయారు చేయించి ఇందుల పెట్టిన. రిజిస్ట్రారు దగ్గరికి వచ్చి దస్కతు పెట్టు. మీ పెద్దమ్మ నీ కోసం సకినాలు దాచింది. నేను వద్దన్న, అయినా దాచింది.

వెంకట్రాజం

హనుమకొండ,
2 ఫిబ్రవరి 1961

పెద్దబాపు గారికి నమస్కారాలు.

కాగితం మూడుసార్లు చదివాను. "నా ఇష్టపూర్వకముగా, ఎవరి ఒత్తిడియు లేక వ్రాసి ఇచ్చుచున్నాను" అని ఉంది. రిజిస్ట్రారు గారు ఆ మాట నన్ను పైకి అడుగుతారట. మా బడి ప్లీడరు గారిని కనుక్కున్నాను. ఔనంటే అది నిజం కాదు. ఊరుకుంటే ఇక్కడ పని జరగదట, కాగితం వాపసు ఇస్తారట. కచేరీకి కచేరీకి ఇంత తేడా ఉంటుందని నాకు తెలియదు.

నాకు ఆ ఆరెకరాలు ఉంచుకోవాలని ఉంది. ఎందుకో సరిగ్గా రాయలేను. బాపుకు ఆ తోటంటే ప్రాణమని మీరే రాశారు. నాకు చెప్పినవాళ్ళు లేరు. ఆయన పోయినప్పుడు నాకు పదేళ్ళు. తోట చూడటానికి వచ్చిన రోజు చెలకలో నిలబడి, ఆయన ఎక్కడ నిలబడి ఉంటారా అని వెతికాను.

పంటలో సగం మీకే పంపుతాను. ఇది మీ మీద కోపంతో రాయడం లేదు. ఈ ఒక్క ఉత్తరం రాయడానికి పదకొండు కాగితాలు చించాను. మీకు నామీద కోపమొస్తే నెక్కొండ నుంచి వచ్చి తిట్టండి, అమ్మ మీకు సర్వపిండి చేస్తానంటున్నది. పెద్దమ్మ సకినాలు మాత్రం యాకయ్యతో పంపించండి.

కళావతి

నెక్కొండ,
10 జూన్ 1961

చి. కళావతికి పెద్దబాపు దీవెనలు.

నాలుగు నెలలు ఆలోచన చేసిన. ఇంతట్ల ఆ సీలింగు కానూను గూడ వచ్చె. ఇప్పుడు నీ ఆరెకరాలు నా పేర ఎక్కితె నా లెక్క పెరుగుతది, వాటి ఎంబడి ఇంకొన్ని పోతయి. కాబట్టి నీ దగ్గరనే ఉండనియ్యి. నీకు భయపడి కాదు, కానూనుకు భయపడి.

నీ బాపు ఎక్కడ నిలబడేటోడని అడిగినవు. తూర్పు మూలకు తాటిచెట్టు ఉన్నది చూడు, దాని పక్కకు. అక్కడికెల్లి రైలు కనబడుతదని నిలబడేటోడు. పని ఏం చేసేటోడు కాదు.

మొన్న తొలకరి పడ్డది. నాగండ్లు తయారుగున్నయి. నేను చెలకకు పోంగనే మొగిలమ్మ గట్టు మీదికెల్లి పదిమంది ముంగట "సావుకారూ, పట్టాదారమ్మ ఏం పెట్టమన్నది?" అని అడిగింది. ఊకున్న. అందరు నవ్విండ్లు. పెసర పెట్టాల్నా, జొన్న పెట్టాల్నా, పల్లికాయ పెట్టాల్నా, ఎంటనే రాయి. పదును పోతాంది.

వెంకట్రాజం

హనుమకొండ,
13 జూన్ 1961 (కార్డు)

పెద్దబాపూ,

నాకు తెలియదు. ఆదివారం వచ్చి మొగిలమ్మను అడుగుతాను. అప్పటిదాకా ఎడ్లను ఆపండి. మీరూ రండి, ముగ్గురం కూర్చుందాం.

కళ